నులిపురుగుల టేపు పరీక్ష ఇంట్లో సరిగ్గా ఎలా చేయాలి?

పిల్లలు రాత్రి పడుకున్నాక ఆసనం దగ్గర గోక్కుంటూ, నిద్రలో అటూ ఇటూ పొర్లుతుంటే ముందు అనుమానించాల్సింది పిన్‌వార్మ్ అనే సన్నని తెల్ల నులిపురుగుని. చాలామంది డబ్బాలో మలం పట్టుకుని ల్యాబుకి పరుగెడతారు. ఏమీ లేవని రిపోర్టు వస్తుంది, దురద మాత్రం పోదు. ఎందుకంటే ఆడపురుగు పేగులో గుడ్లు పెట్టదు. రాత్రివేళ బయటికి పాకి, ఆసనం చుట్టూ ఉన్న చర్మపు మడతల్లో పది వేలకు పైగా పెడుతుంది. కాబట్టి గుడ్లని వెతకాల్సింది చర్మం మీద.

సామాను సులువే. పారదర్శకమైన సెల్లో టేపు, ఐస్‌క్రీమ్ పుల్లలు, ల్యాబులో అడిగి తెచ్చుకున్న మూడు గాజు స్లైడులు, గ్లౌజులు. మసకగా ఉండే టేపు, బ్రౌన్ టేపు వద్దే వద్దు. వాటి గుండా మైక్రోస్కోపులో గుడ్డు కనపడదు.

ఇక పరీక్ష పాడయ్యేది వేళ దగ్గరే. బిడ్డ నిద్ర లేవగానే, ఇంకా మంచం మీద ఉండగానే చేయాలి. దొడ్డికి వెళ్లక ముందు, కడగక ముందు, స్నానం చేయించక ముందు. మనకి నీళ్లతో కడిగే అలవాటు కదా, ఒక్క చెంబు నీళ్లు పోశారంటే గుడ్లు చాలావరకు కొట్టుకుపోతాయి. విశాఖలో ఎంవీపీ కాలనీలోనైనా, గాజువాకలోనైనా ఏడింటికి స్కూల్ వ్యాను వచ్చే ఇల్లైతే హడావుడిలో బిడ్డని నేరుగా బాత్రూముకి పంపేస్తారు. ఆ రోజు చేసిన పరీక్ష లెక్కలోకి రాదు. ముందురోజు రాత్రి దురదకని కొబ్బరినూనె, పౌడరు, ఆయింట్‌మెంటు రాయొద్దు. రాస్తే టేపు అంటుకోదు.

జిగురు వైపు బయటికి ఉండేలా టేపుని పుల్ల చివర చుట్టండి. ఒకరు పిరుదులు విడదీసి పట్టుకోవాలి, ఇంకొకరు టేపుని ఆసనానికి ఇటూ అటూ ఉన్న మడతల మీద నాలుగైదుసార్లు గట్టిగా అద్ది తీయాలి. రుద్దకూడదు, లోపలికి పెట్టకూడదు. తర్వాత జిగురు వైపు కిందికి ఉండేలా స్లైడు మీద ముడతల్లేకుండా, గాలి బుడగలు లేకుండా అతికించండి. టేపుని మడిచి కాగితంలో చుట్టి ఇస్తే ల్యాబువాళ్లు ఏం చూడగలరు? పేరు, తేదీ రాసి అదే రోజు ఇచ్చేయండి. ఆ గుడ్లు నాలుగు నుంచి ఆరు గంటల్లో ఇంకొకరికి అంటుకునే స్థితికి వస్తాయి. అందుకే గ్లౌజులు తీశాక కూడా సబ్బుతో చేతులు, గోళ్ల సందులు కడగాలి.

ఒక్క రోజు చేసి లేవంటే నమ్మొద్దు. ఒక ఉదయం పరీక్షలో సుమారు సగం మందిలోనే దొరుకుతాయి. వరసగా మూడు ఉదయాలు చేస్తే అది సుమారు 90 శాతానికి చేరుతుంది. బిడ్డ నిద్రపోయిన రెండు మూడు గంటలకి టార్చి వేసి చూస్తే తెల్ల దారపు ముక్కలాంటి పురుగు కంటికే కనపడొచ్చు. కనపడితే స్లైడు అక్కర్లేదు, డాక్టరు దగ్గరికి వెళ్లిపోవచ్చు.

మందు దగ్గర జరిగే తప్పు ఒక్క మాత్రతో ఆపేయడం. ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాములు ఒకసారి, సరిగ్గా రెండు వారాలకి మళ్లీ ఒకసారి. మందు పురుగుల్ని చంపుతుంది, గుడ్లని నమ్మకంగా చంపలేదు. తర్వాత పొదిగిన వాటి కోసమే రెండో డోసు. జాతీయ నులిపురుగుల నివారణ దినమని ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో మాత్ర వేశారు కదా అని ధీమాగా ఉండొద్దు. ఆ కార్యక్రమం మట్టి ద్వారా వచ్చే ఏలికపాములు, కొంకిపురుగుల లాంటి వాటి కోసం. పిన్‌వార్మ్‌కి ఇంట్లో అందరూ ఒకే రోజు వేసుకోవాలి. రెండేళ్ల లోపు పిల్లలకి, గర్భిణులకి డాక్టరు చెప్పకుండా వేయొద్దు. బెల్లం మానిపించినా, కుక్కని తరిమేసినా లాభం లేదు. ఇది మనిషి నుంచి మనిషికే వస్తుంది.

తేమ ఉన్న గదిలో గుడ్లు రెండు మూడు వారాలు బతుకుతాయి, విశాఖ గాలిలో తేమకి కొదవ లేదు. మందు వేసిన మర్నాడు దుప్పట్లు, లోదుస్తులు దులపకుండా తీసి వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయండి. చీపురుతో ఊడ్చొద్దు, తడిగుడ్డతోనే తుడవాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించి, ఆ రెండు వారాలూ ఉదయం లేవగానే స్నానం చేయించండి.

చాలామందికి ఇది దురదతోనే పోతుంది, కానీ కొన్ని లక్షణాలకి ఆగకూడదు. గోకి గోకి చర్మం పుండై చీము పట్టవచ్చు. ఆడపిల్లల్లో పురుగు ముందు భాగంలోకి పాకి మంట, తెల్లబట్ట, ఒక్కోసారి మూత్రంలో ఇన్ఫెక్షన్ తెస్తుంది. అరుదుగా గర్భాశయ నాళాల దాకా, పొత్తికడుపు పొర దాకా వెళ్తుంది. కుడివైపు పొత్తికడుపులో నొప్పి, జ్వరం, వాంతులు ఉంటే అది అపెండిక్స్ వాపు కావచ్చు; పురుగుల మందు వేసి చూద్దామనుకోవద్దు, వెంటనే కేజీహెచ్‌కో (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి) దగ్గర్లోని ఆసుపత్రికో తీసుకెళ్లండి. అపెండిక్స్ తీశాక బయాప్సీ రిపోర్టులో ఈ పురుగులు కనపడితే, ఆపరేషన్ అయిపోయింది కదా అని వదిలేయకుండా ఇంటిల్లిపాదికీ రెండు డోసులూ వేయించాలి.