లక్ష్యం అనాలా, ఉద్దేశం అనాలా? సమస్యలు, పరిష్కారాలు

లక్ష్యం, ఉద్దేశం, ఆశయం, ధ్యేయం, సంకల్పం, గురి. నిఘంటువు తీసి ఒకదానికి అర్థం చూస్తే పక్కదాని పేరే కనిపిస్తుంది. దాంతో ఏది రాసినా ఒకటేలే అనిపిస్తుంది. వాక్యంలో పెట్టాక మాత్రం ఎక్కడో పట్టేస్తుంది. దరఖాస్తుల్లో, సంఘాల నియమావళుల్లో, వార్తల్లో తరచూ కనిపించే ఇబ్బందులు ఇవి.

సమస్య: వాక్యం ముగిసినా ముగిసినట్టు లేదు

"ఈ సంఘం యొక్క ముఖ్య ఉద్దేశ్యం ఏమిటంటే పేద విద్యార్థులకు పుస్తకాలు అందించడం కోసం."

కారణం: ఎందుకు అన్న ప్రశ్నకు "ఉద్దేశం" అన్న మాటే జవాబు చెబుతోంది. చివర్లో "కోసం" వచ్చి అదే పని మళ్ళీ చేస్తోంది.

పరిష్కారం: రెండింటిలో ఒకటి తీసేయండి. "పేద విద్యార్థులకు పుస్తకాలు అందించడం ఈ సంఘం ఉద్దేశం." లేదా, "పేద విద్యార్థులకు పుస్తకాలు అందించడం కోసం ఈ సంఘం పెట్టాం." రెండోదే నాకు నచ్చుతుంది, మనిషి మాట్లాడినట్టు ఉంది. "యొక్క", "ఏమిటంటే" పోయినందుకు ఎవరూ బాధపడరు.

ఇక ఉద్దేశమా, ఉద్దేశ్యమా? మనసులో అనుకున్నది ఉద్దేశం. ఉద్దేశ్యం వ్యాకరణంలో విధేయానికి జంట: "రాముడు మంచివాడు" అన్నప్పుడు రాముడు ఉద్దేశ్యం, మంచివాడు విధేయం. వాడుకలో చాలామంది రెండుచోట్లా "ఉద్దేశ్యం" అనే రాస్తున్నారు. అర్థం కాకపోదు గానీ, ఈ తేడా పాటిస్తే పోయేదేమీ లేదు.

సమస్య: మామూలుగా అడిగితే అవతలివాళ్ళకి కోపం వచ్చింది

ఇంట్లో పెద్దాయన్ని "మీ ఉద్దేశం ఏమిటి?" అని అడిగారు. ఆయన ముఖం మాడ్చుకున్నారు.

కారణం: "నా ఉద్దేశంలో" అంటే నాకు తోచినంతలో అని అర్థం, అందులో తప్పులేదు. అదే ఎదుటివారి ఉద్దేశం అడిగితే లోపల ఇంకేదో పెట్టుకున్నారని అనుమానించినట్టు ఉంటుంది.

పరిష్కారం: "మీరేమంటారు బాబాయ్?", "మీ అభిప్రాయం చెప్పండి" అని అడగండి. "ఉద్దేశపూర్వకంగా", "కావాలని" అన్న మాటలూ ఇలాంటివే. చెడ్డపనికే అతుకుతాయి. "ఉద్దేశపూర్వకంగా సాయం చేశాడు" అంటే ఆ సాయం మీదే అనుమానం వస్తుంది.

సమస్య: లక్ష్యం రాశారు, ఎప్పటికి తీరుతుందో తెలియదు

"అందరికీ మంచి చేయడమే నా లక్ష్యం." చాలా రెజ్యూమెల్లో ఉండే వాక్యం.

కారణం: లక్ష్యం అంటే బాణం తగలాల్సిన చోటు. తగిలిందో లేదో చూసి చెప్పగలగాలి. అలా కొలవలేనిది ఆశయం. ఈ మాటకీ ఆశకీ చుట్టరికం లేదు. జలాశయం, గర్భాశయంలో ఉన్న ఆశయమే ఇది. ఒకటి నిలిచి ఉండే చోటు అని అర్థం. మనసులో నిలిచి ఉండేది కాబట్టి దానికి గడువు ఉండదు. ధ్యేయం ధ్యానం నుంచి వచ్చింది. ఎప్పుడూ తలచుకుంటూ ఉండేది కాబట్టి ఒక మనిషికి నాలుగైదు ధ్యేయాలుంటే నమ్మబుద్ధి కాదు.

పరిష్కారం: తేదీ గానీ, సంఖ్య గానీ పెట్టగలరేమో చూడండి. పెట్టగలిగితే లక్ష్యం, లేకపోతే ఆశయం. 1946 డిసెంబరు 13న రాజ్యాంగ సభలో నెహ్రూ ప్రవేశపెట్టిన తీర్మానాన్ని కొందరు లక్ష్యాల తీర్మానం అంటారు, కొందరు ఆశయాల తీర్మానం అంటారు. న్యాయం, సమానత్వం గురించి చెప్పింది కాబట్టి రెండో పేరే సరిగ్గా ఉందని నేనంటాను.

ఇదే చిక్కు అనువాదాల్లో ఇంకాస్త ముదురుతుంది. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు (ఇంగ్లిష్‌లో గోల్స్) 17, వాటి కింద ఉన్నవి (టార్గెట్స్) 169. తెలుగులో రెండింటినీ లక్ష్యాలే అనేస్తే చదివేవాడికి లెక్క తప్పుతుంది. కిందివాటిని ఉపలక్ష్యాలు అనొచ్చు, టార్గెట్లు అన్నా నష్టం లేదు. మార్చి నెలలో ఇన్సూరెన్స్ ఏజెంటుకి ఉండేది టార్గెట్ టెన్షనే గానీ లక్ష్యం టెన్షన్ కాదు కదా.

సమస్య: కోర్టు వార్తలో రెండు సెక్షన్లకీ ఒకే మాట పడింది

కారణం: 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 3(5), పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 34కి బదులుగా వచ్చింది. ఒకరికంటే ఎక్కువమంది ఒకే ఉద్దేశంతో కలిసి నేరం చేస్తే వర్తిస్తుంది, ఇద్దరున్నా చాలు. ఐపీసీలోని పాత 149 ఇప్పుడు సంహితలో 190. ఐదుగురు లేదా అంతకుమించి ఉన్న చట్టవిరుద్ధ గుంపుకి ఇది వర్తిస్తుంది. మొదటిదానిలో మనసులు కలవడం ముఖ్యం. రెండోదానిలో గుంపు దేనికోసం చేరిందన్నది ముఖ్యం.

పరిష్కారం: 3(5)కి "ఉమ్మడి ఉద్దేశం", 190కి "ఉమ్మడి లక్ష్యం" అని రాయండి.

సమస్య: సంకల్పం బరువుగా ఉంది, చేసే పని కనిపించదు

"ఈ ఏడాది బరువు తగ్గాలని నా సంకల్పం."

కారణం: పూజలో సంకల్పం ఎలా చెబుతారో గుర్తు చేసుకోండి. శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉన్నామో చెబుతారు. సంవత్సరం నుంచి తిథి, వారం దాకా వస్తుంది. తర్వాత గోత్రం, పేరు. ఏం కావాలో "సిద్ధ్యర్థం" అన్న మాటతో చెప్పి, చివర్లో "కరిష్యే", అంటే చేస్తాను, అని ముగిస్తారు. కావాల్సిన ఫలితం "సిద్ధ్యర్థం" దగ్గరే అయిపోయింది. "కరిష్యే" లేకపోతే అది కోరికల జాబితా.

పరిష్కారం: "ఉగాదికల్లా ఐదు కిలోలు తగ్గాలన్నది లక్ష్యం. రోజూ పొద్దున్నే ముప్పావుగంట నడవాలని సంకల్పించుకున్నాను."

సమస్య: "ప్రశంసలకు గురయ్యాడు"

కారణం: గురి పెట్టేవాడికి అది లక్ష్యం, గురైనవాడికి దెబ్బ. దాడికి, మోసానికి, అనారోగ్యానికి గురవుతాం.

పరిష్కారం: "ప్రశంసలు అందుకున్నాడు." ఆయన మీద గురి కుదిరింది అన్నప్పుడు మాత్రం గురి అంటే నమ్మకం, దానికీ దీనికీ ముడిపెట్టకండి.

సమస్య: వస్తానని చెప్పినా కుర్చీ వేయలేదు

"రేపు ఫంక్షన్‌కి వస్తాననుకుంటున్నాను" అని మెసేజ్ పెట్టారు.

కారణం: అది ఉద్దేశం కాదు, మీ గురించి మీరే వేసుకున్న అంచనా. "రావాలనుకుంటున్నాను" అంటే ఉద్దేశం. "వద్దామనుకుంటున్నాను" అన్నా ఉద్దేశమే గానీ కాస్త మెత్తగా ఉంటుంది, ఎదుటివారు వద్దంటే మానుకునేలా. ఇవే భూతకాలంలోకి మారితే కథ తిరగబడుతుంది. "రావాలనుకున్నాను" అనగానే వినేవాళ్ళు "కానీ" కోసం చూస్తారు. "చెప్పబోయాడు" అంటే చెప్పలేదు. "పడబోయాడు" అన్నదానిలో ఉద్దేశమే లేదు, ఎవరూ పడాలని పడరు.

పరిష్కారం: వచ్చేటట్టయితే "వస్తాను" అనండి. కుదరకపోతే "రాలేనేమో పిన్నీ" అని ముందే చెప్పండి. "వీలు చూసుకుని వస్తా" అని మీకెవరైనా అంటే, భోజనాల లెక్కలో వాళ్ళని వేసుకోకండి.