సూక్ష్మజీవుల చిత్రలేఖనం – 3వ పాఠం: కొలతతో గీయడం

గత పాఠంలో ఫొటోలు చూసి వేసిన కరోనా వైరస్ బొమ్మను పక్కన పెట్టుకోండి. ఈసారి దాన్నే కొలతలతో మళ్లీ గీద్దాం. ఎ4 కాగితం, స్కేలు, కంపాస్, పెన్సిలు, రబ్బరు చాలు. రబ్బరుకు పని ఎక్కువే ఉంటుంది.

ముందు ఎన్ని రెట్లు పెంచి గీస్తామో తేల్చుకోవాలి. అమెరికాలోని స్క్రిప్స్ రీసెర్చ్‌లో పనిచేసిన డేవిడ్ గుడ్‌సెల్ అటు శాస్త్రవేత్త, ఇటు వాటర్‌కలర్ చిత్రకారుడు. కణాల లోపలి దృశ్యాలు వేయడానికి ఆయన తరచుగా వాడే కొలత పది లక్షల రెట్లు. అంటే ఒక నానోమీటరుకు ఒక మిల్లీమీటరు. లెక్క ఇంత తేలిక కాబట్టి మనమూ అదే పట్టుకుందాం. ఈ లెక్కన ఈ.కోలై బాక్టీరియా రెండు మీటర్ల పొడవొస్తుంది, గోడ మీద వేసుకోవాల్సిందే! వైరస్ అయితే కాగితంలో పడుతుంది.

వైరస్‌ను మధ్యకు కోస్తే వచ్చే 20 నానోమీటర్ల మందం ముక్కను గీస్తున్నాం అనుకోండి. కొమ్ములు వదిలేస్తే వైరస్ వ్యాసం సుమారు 90 నానోమీటర్లు. కాబట్టి కంపాస్‌ను 45 మి.మీ.కు తెరిచి వృత్తం గీయండి. దాని లోపల 4 మి.మీ. వదిలి ఇంకో వృత్తం. ఈ రెండింటి మధ్య ఉన్నది కొవ్వు పొర.

ఇప్పుడు కొమ్ములు, అంటే స్పైక్ ప్రోటీన్లు. ఎత్తు 20 మి.మీ. పైన వెడల్పాటి తల, కింద సన్నటి కాడ. ఎన్ని గీయాలి? చాలామంది ఇక్కడే పొరపడతారు, చుట్టూ కిక్కిరిసేలా పెట్టేస్తారు. వైరస్‌ను గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసినప్పుడు ఒక్కోదానికి సగటున పాతిక కొమ్ములే కనిపించాయి. గోళాన్ని సమాంతరంగా కోస్తే, ముక్క మందం వ్యాసంలో ఎంత భాగమో ఉపరితలంలోనూ అంతే భాగం ఆ ముక్కకు వస్తుంది. 90లో 20 అంటే తొమ్మిదింట రెండు వంతులు. పాతికలో అంత అంటే ఐదో ఆరో. అంతే గీయండి, అదీ సమాన దూరాల్లో కాదు. నిటారుగా కూడా నిలబెట్టకండి. ఆ కాడలో వంగే చోట్లు మూడున్నాయి. పరిశోధకులు వాటికి తుంటి, మోకాలు, చీలమండ అని పేర్లు పెట్టారు! ఒకటి ఎడమకు, ఒకటి బాగా కిందకు వాలనివ్వండి. బొమ్మకు ప్రాణం వచ్చేది ఇక్కడే.

లోపలి ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ జన్యు పదార్థం, ప్రోటీన్లతో కలిసి మన కొలతలో 15 మి.మీ. ఉండలుగా ఉంటుంది. అవి ఏ వరుసలో ఉంటాయని అడిగితే శాస్త్రవేత్త కూడా ఆగి ఆలోచించాల్సిందే. బ్రిస్టల్‌కు చెందిన కళాకారుడు ల్యూక్ జెరమ్ 2004లో వైరస్‌ల గాజు శిల్పాలు మొదలుపెట్టి, అక్కడి యూనివర్సిటీలో వైరాలజిస్టు ఆండ్రూ డేవిడ్‌సన్‌తో కలిసి పనిచేశారు. వైరస్ లోపల జన్యు పదార్థం ఎలా అమరి ఉంటుందన్న జెరమ్ సందేహాల్లో కొన్నింటికి శాస్త్రవేత్తల దగ్గర కచ్చితమైన జవాబు లేకపోయింది. నా ఉద్దేశంలో ఇలాంటి ఉమ్మడి పనికి అసలు విలువ అదే. శిల్పి ఏదో ఒక ఆకారం పెట్టక తప్పదు కాబట్టి, పరిశోధన పత్రంలో దాటేసిన చోట కూడా ప్రశ్న వేస్తాడు.

ఇక అభ్యాసం. వైరస్ మొత్తంలో ఉండలు 30 దాకా ఉంటాయనుకుని, మన ముక్కలో ఎన్ని పడతాయో లెక్కగట్టి గీయండి. కొమ్ములకు వాడిన సూత్రం ఇక్కడ పనికిరాదు, ఇది ఉపరితలం కాదు, ఘనపరిమాణం. పది పన్నెండు వస్తే సరిగ్గా చేసినట్టే. గీస్తూ ఎక్కడెక్కడ ఊహించారో అక్కడ చుక్క పెట్టి, ఒక్కో చుక్కకు ఒక్కో ప్రశ్న రాయండి. మీ ఊరి డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే మేడమ్‌నో సార్‌నో కలిసి, బొమ్మ ముందు పెట్టి అవే అడగండి. వచ్చే పాఠం రంగుల గురించి. అప్పటిదాకా రంగు పెన్సిళ్లు ముట్టుకోవద్దు.