ఒక్క ట్యాంకుతో ఎంత దూరం? (కారు లెక్కలు – 3వ పాఠం)

మొదటి పాఠంలో డ్యాష్‌బోర్డు మీద ఏ మీటరు ఏం చెబుతుందో చూశాం. రెండో పాఠంలో టైర్ల గాలి సంగతి నేర్చుకున్నాం. ఈసారి అసలు పనిలోకి దిగుతున్నాం. ఫుల్ ట్యాంకు కొట్టిస్తే మీ కారు ఎన్ని కిలోమీటర్లు వెళ్తుందో మీరే లెక్కగట్టాలి. దీనికి ఒక చిన్న నోట్‌బుక్, ఒక పెన్ను, ఓ నెలన్నర ఓపిక కావాలి.

ఈ లెక్క మీద నాకింత పట్టుదల ఎందుకో ముందు చెప్తాను. కొన్నేళ్ల కిందట మే నెలలో అమ్మనీ అక్కనీ తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం బయల్దేరాను. మాది 37 లీటర్ల ట్యాంకున్న స్విఫ్ట్. ముల్లు సగానికి కాస్త కింద ఉంది. దారిలో ఎక్కడైనా కొట్టిద్దాంలే అనుకుంటూ ఒక్కో బంకూ దాటేశాను. మన్ననూరు చెక్‌పోస్ట్ దగ్గర డ్యాష్‌బోర్డు చూస్తే ఇంకా 110 కిలోమీటర్లు వస్తుందని ఉంది. శ్రీశైలం అక్కణ్ణుంచి 80కి అటూ ఇటూ. ధైర్యంగా అడవిలోకి పోనిచ్చాను.

ఘాట్ మొదలయ్యాక ఆ అంకె పడిపోవడం మొదలైంది. మేం పది కిలోమీటర్లు వెళ్తే అది పదిహేను తగ్గుతోంది. అరవై కిలోమీటర్లు తిరిగేసరికి 20 దగ్గర నిలబడింది. ముందేమో డ్యామ్ దగ్గరికి దిగి మళ్లీ ఎక్కాల్సిన మలుపులున్నాయి. ఏసీ ఆపేశాను. అమ్మ కొంగుతో విసురుకుంటూ, ‘ఏమైందిరా?’ అని ఒక్కసారి మాత్రం అడిగి ఊరుకుంది. అదృష్టం బాగుండి కొండెక్కాం. బంకులో ఫుల్ చేయిస్తే 34 లీటర్లు పట్టింది. అంటే ట్యాంకులో మిగిలింది మూడే లీటర్లు. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా అంతా నల్లమల అడవి. రాత్రి తొమ్మిదైతే ఆ చెక్‌పోస్ట్ గేట్లు మూసేస్తారు. అలాంటి చోట బండి ఆగిపోయి ఉంటే అన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు అవుతుంది.

ఆ రోజు మీటరు తప్పు చెప్పలేదు. అప్పటిదాకా నేను నడిపిన తీరును బట్టి మిగిలిన దూరాన్ని లెక్కేసింది. అప్పటిదాకా నడిపింది తిన్నటి రోడ్డు మీద, ఐదో గేరులో. రాబోయేది ఘాట్ అని దానికి తెలియదు. నాకు తెలుసు. ఆ తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే నేను చేసిన తప్పు.

ఇంకో అంకె మీద కూడా చాలామంది ఆధారపడతారు. బ్రోచర్లో రాసే మైలేజీ. మీ కారుకు లీటరుకు 22 అని రాసి ఉందనుకుందాం. 37 లీటర్లను 22తో గుణిస్తే 814 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ విజయవాడ చేరిపోవచ్చన్నమాట! ఆ 22 అబద్ధం కాదు. పూణేలోని ఏఆర్‌ఏఐ లాంటి పరీక్షా కేంద్రాల్లో కారును రోలర్ల మీద నిలబెట్టి, ఏసీ ఆపి, ముందే నిర్ణయించిన పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలుస్తారు. గరిష్ఠంగా 90 కిలోమీటర్ల వేగం దాటరు. రెండు కార్లను పోల్చుకోవడానికి ఆ అంకె బాగా పనికొస్తుంది. పిల్లల్నీ, సూట్‌కేసుల్నీ, ఆవకాయ జాడీలనీ ఎక్కించుకుని ఏప్రిల్ ఎండలో వెళ్లే మీ ప్రయాణాన్ని మాత్రం ఆ రోలర్లు చూడలేదు.

కాబట్టి మన లెక్క మనమే కడదాం. దీన్ని ఫుల్ టు ఫుల్ పద్ధతి అంటారు.

మీరు మామూలుగా వెళ్లే బంకుకే వెళ్లండి. నేల చదునుగా ఉన్న చోట బండి ఆపండి. ఏటవాలుగా ఉంటే ట్యాంకు నిండకముందే నాజిల్ కట్ అయిపోవచ్చు. ‘ఫుల్ ట్యాంక్’ అని చెప్పి, కారు దిగి పక్కనే నిలబడండి. మెషీన్ మీద సున్నా చూసుకోండి. కాసేపటికి నాజిల్ ‘టక్’మని దానంతటదే ఆగుతుంది. అక్కడితో సరి.

సరిగ్గా అప్పుడే బంకు కుర్రాడు, ‘రౌండ్ ఫిగర్ చేయమంటారా సార్?’ అని అడుగుతాడు. 2,763 రూపాయలైతే 2,800 చేద్దామని అతని ఉద్దేశం. వద్దనండి. ఆ చివర్లో ఒకసారి పావు లీటరు, ఇంకోసారి లీటరు పైన పడుతుంది. దాంతో మన కొలత చెడిపోతుంది. పైగా నాజిల్ ఆగాక ఇంకా పోయిస్తే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే భాగంలోకి పెట్రోలే పోయి అది పాడయ్యే ప్రమాదం ఉంది. మొదటి ‘టక్’ దగ్గర ఆపడం ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైన మాట. ప్రతిసారీ అక్కడే ఆపితేనే రెండు ‘ఫుల్’లూ ఒకటవుతాయి.

ఇప్పుడు కిలోమీటర్ రీడింగ్ రాసుకుని, ట్రిప్ మీటర్‌ను సున్నా చేయండి. రోజూ నడిపినట్టే నడపండి. మళ్లీ పెట్రోలు అవసరమైనప్పుడు అదే బంకులో, వీలైతే అదే మెషీన్ దగ్గర, అదే పద్ధతిలో ఫుల్ చేయించండి. బిల్లులో రూపాయలు చూడొద్దు, లీటర్లు చూడండి. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లతో భాగిస్తే మైలేజీ వచ్చేస్తుంది. ఐదొందలకో వెయ్యికో కొట్టించే అలవాటున్నవాళ్లు ఈ నెలన్నరా ఫుల్ చేయించక తప్పదు. ఎక్కడ మొదలుపెట్టామో, ఎక్కడ ఆపామో తెలియకపోతే భాగించడానికి ఏమీ ఉండదు.

నా నోట్‌బుక్‌లో ఒక పేజీ చూడండి.

41,212 – ఫుల్. మొదలు.
41,590 – 378 కి.మీ., 27 లీటర్లు. లీటరుకు 14. ఆఫీసు, ఇల్లు.
42,130 – 540 కి.మీ., 30 లీటర్లు. లీటరుకు 18. విజయవాడ వెళ్లి రావడం.
42,262 – 132 కి.మీ., 11 లీటర్లు. లీటరుకు 12. ఎండాకాలం, సిటీ, ఏసీ ఆపకుండా.

సగటు ఎంత? 14, 18, 12 కూడి మూడుతో భాగిస్తే 14.7 వస్తుంది. చాలామంది ఇలాగే చేస్తారు, కానీ ఇది తప్పు. 11 లీటర్లకూ 30 లీటర్లకూ ఒకే విలువ ఇచ్చినట్టవుతుంది. మొత్తం కిలోమీటర్లు 1,050. మొత్తం లీటర్లు 68. భాగిస్తే 15.4. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఫుల్ ట్యాంకు మీద పాతిక కిలోమీటర్లు దాటుతుంది. ఎప్పుడైనా సరే, కిలోమీటర్లన్నీ ఒకవైపు, లీటర్లన్నీ ఒకవైపు కూడి ఆ తర్వాతే భాగించండి.

ఇక ట్యాంకు. 37 లీటర్ల ట్యాంకు అయినంత మాత్రాన 37 లీటర్లూ లెక్కలో వేసుకోకూడదు. పెట్రోల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లగా ఉంచుతుంది. అడుగంటే దాకా నడిపితే పంపు వేడెక్కుతుంది, గాలి పీల్చుతుంది, పాడైతే ఖర్చు వేలల్లో ఉంటుంది. నేనైతే 5 లీటర్లు ఎప్పుడూ పక్కన పెట్టేస్తాను. మిగిలింది 32. మీ ట్యాంకు ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. వ్యాగన్‌ఆర్‌కు 32 లీటర్లు, క్రెటాకు 50 లీటర్లు. ఒకే రోడ్డు మీద వెళ్లే రెండు కార్ల మధ్య అంత తేడా.

ఇప్పుడు 32ను నా పేజీలోని అంకెలతో గుణిద్దాం. 18తో అయితే 576 కిలోమీటర్లు. సగటు 15.4తో 493. అన్నిటికంటే తక్కువైన 12తో 384. ఇందులో ఏది నా కారు దూరం అంటే, వెళ్లే దారిని బట్టి ఎంచుకోవాలి. విజయవాడ హైవే మీద నేను 493ను నమ్ముతాను, ఎందుకంటే అక్కడ అడుగడుగునా బంకులున్నాయి. ఘాట్ రోడ్డు, అడవి, తెలియని దారి అయితే 384 మాత్రమే నమ్ముతాను. ఇంటివాళ్లు వెనక కూర్చున్నప్పుడు మీరు కూడా అన్నిటికంటే తక్కువ అంకెనే నమ్మండి. దాని వల్ల మహా అయితే ఒక బంకులో పది నిమిషాలు ముందే ఆగుతాం.

హైవే మీద 18 వచ్చిందన్నాను కదా, అది 80–85 వేగంలో వచ్చింది. ఇక్కడ కాస్త ఆగుదాం. గాలి అడ్డుపడే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 80 నుంచి 100కు వెళ్తే వేగం పెరిగింది పాతిక శాతమే గానీ, గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. టైర్ల రాపిడి అంతగా పెరగదు కాబట్టి పెట్రోలు ఖర్చు మొత్తం అదే లెక్కన పెరగదు. అయినా నోట్‌బుక్‌లో స్పష్టంగా కనబడేంత పెరుగుతుంది. 270 కిలోమీటర్ల విజయవాడ దారిలో ఆగకుండా 100లో వెళ్తే, 80లో వెళ్లినదానికంటే మిగిలేది 40 నిమిషాలు. టోల్ గేట్లూ, టిఫిన్లూ కలుపుకుంటే అదీ మిగలదు. ఒకసారి 80లో వెళ్లి, ఇంకోసారి 100లో వెళ్లి మీరే రాసి చూసుకోండి.

దిగుడులో న్యూట్రల్ వేసి వదిలేసేవాళ్లకు ఒక మాట. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలరేటర్ మీంచి కాలు తీస్తే పెట్రోలు సరఫరానే ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ను తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతుంది. అంటే ఆదా అనుకున్నచోట ఖర్చు. పైగా ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఘాట్‌లో దిగేటప్పుడు న్యూట్రల్ ముట్టుకోవద్దు. ఇది ప్రాణాలతో పని.

పాత లెక్కలు రాసి ఉంచుకున్నవాళ్లు కూడా మళ్లీ మొదలుపెట్టండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోలుతో పోలిస్తే మూడో వంతు తక్కువ. 10 శాతం కలిసిన రోజులతో చూస్తే లీటరుకు శక్తి 3 శాతం పైన తగ్గినట్టు లెక్క. అప్పటి 500 కిలోమీటర్ల దూరంలో ఓ పదిహేను దాకా తీసేసుకోవచ్చు.

ఇంటిపని: వచ్చే పాఠంలోపు కనీసం మూడు సార్లు ఫుల్ చేయించి రాయండి. ఒక్కోదాని పక్కన ఏ దారో, ఏసీ వేశారో లేదో, ఎంతమంది ఎక్కారో రెండు మాటలు కూడా రాసుకోండి. తర్వాత మూడు మైలేజీలనూ మీ ట్యాంకు లీటర్లతో (పక్కన పెట్టినవి తీసేసి) గుణించి, వచ్చిన దూరాల్లో తక్కువ అంకెను చిన్న కాగితం మీద రాసి సన్ వైజర్ వెనక పెట్టండి. నా కారులో ఆ కాగితం మీద 384 అని ఉంది.

నాలుగో పాఠంలో సీఎన్‌జీ కార్ల లెక్క చూద్దాం. అక్కడ లీటర్లు ఉండవు, కిలోలే. ‘ఫుల్’ అన్న మాటకు అర్థం కూడా ఎండను బట్టీ, బంకులోని ప్రెషర్‌ను బట్టీ మారుతుంది.