నాలుగించి ఫ్లాంజీకి నాలుగించి ఫ్లాంజీ కలవడం లేదా? సమస్య - కారణం - పరిష్కారం

మన కర్నూలు, అనంతపురం, కడప వైపు ఫ్లాంజీల (పైపు కొసకి ఉండే బోల్టు రంధ్రాల చక్రాలు) గొడవ ఎక్కువ యాడొస్తుందంటే, పంపు ఒక చోట కొని, వాల్వు ఇంకో చోట కొని, పైపుకి వెల్డు చేసే ఫ్లాంజీ మాత్రం ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో తెచ్చుకున్నప్పుడు. "అన్నా, నాలుగించి ఫ్లాంజీలు నాలుగియ్యి" అంటే ఆయన చేతికందింది ఇస్తాడు, ఆయన తప్పేం లేదు, మనం అడిగిందే సగం.

సమస్య: బోల్టులు పడడం లేదు

సైజు ఒకటే, కానీ స్టాండర్డు వేరు. నాలుగించి అంటే పైపు సైజు మాత్రమే, ఫ్లాంజీ డ్రిల్లింగ్ గురించి అది ఏం చెప్పదు. అమెరికా స్టాండర్డు ఏఎస్ఎంఈ బి16.5లో క్లాస్ 150 అయితే రంధ్రాల మధ్యల మీదుగా పోయే వలయం వ్యాసం (పీసీడీ అంటాం కదా) 190.5 మిల్లీ, యూరప్ స్టాండర్డు పీఎన్16 అయితే 180, పాత బ్రిటిష్ టేబుల్ ఈ అయితే 178. ఈ మూడింటికీ ఎనిమిదేసి రంధ్రాలే కాబట్టి దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. టేబుల్ డి అయితే అదే 178 కానీ నాలుగే రంధ్రాలు. పీఎన్16కి టేబుల్ ఈకి 2 మిల్లీనే తేడా కాబట్టి బోల్టులు ఎట్లోగట్లా దూరిపోతాయి, క్లాస్ 150తో మాత్రం తలకిందులుగా తపస్సు చేసినా పడవు.

అసలు మోసం ఆరించిలో ఉంది. అక్కడ పీఎన్16 వలయం 240, క్లాస్ 150ది 241.3, రెండింటికీ 22 మిల్లీ రంధ్రాలు ఎనిమిదే, కాబట్టి హాయిగా కలిసిపోతాయి. అది చూసిన ఫిట్టరు "అన్నీ ఒకటేలేప్పా" అనుకుని మూడించికి కూడా అట్లే తెస్తాడు, తీరా చూస్తే క్లాస్ 150కి నాలుగు రంధ్రాలు, పీఎన్16కి ఎనిమిది.

పరిష్కారం: కొనకముందే పంపు ఫ్లాంజీ కొలవండి. రంధ్రం మధ్య ఎక్కడని వెతుక్కోవద్దు, ఒక రంధ్రం ఎడమ అంచు మీద టేపు పెట్టి దానికి సరిగ్గా ఎదురు రంధ్రం ఎడమ అంచు దాకా లాగితే వచ్చేదే పీసీడీ. ఆ కొలత, రంధ్రాల లెక్క, బయటి వ్యాసం, ఈ మూడూ పేపరు మీద రాసుకుని పోతే షాపాయన మీ మాట వినక తప్పదు. ఇప్పటికే వెల్డు అయిపోయింటే గ్యాస్ కటర్‌తో రంధ్రాలు సాగదీయొద్దు, వాషరు కింద ఆనిక ఉండదు, బోల్టు పక్కకి లాగుతుంది. ఒక కొసకి ఒక స్టాండర్డు, ఇంకో కొసకి ఇంకోటి పెట్టి చిన్న పైపు ముక్క చేయించి మధ్యలో ఇరికించడమే మర్యాదైన పని.

సమస్య: రంధ్రాలు కలిసినాయి, కానీ వాల్వు వంకరగా నిలబడింది

పైపు ఫ్లాంజీని టాక్ (పూర్తి వెల్డుకి ముందు వేసే చిన్న వెల్డు చుక్కలు) వేసేటప్పుడు చూసుకోలేదు, అంతే. నిలువు గీత మీద రంధ్రం రాకూడదు, ఆ గీతకి అటొకటి ఇటొకటి సమానంగా రావాలి. పైన రెండు రంధ్రాల్లో బోల్టులు దూర్చి వాటి మీద లెవెల్ పెట్టి చూసి అప్పుడు టాక్ వేయమనండి.

సమస్య: ఎంత బిగించినా లీకు ఆగడం లేదు

ఇంకా బిగిద్దామని స్పానర్‌కి పైపు తగిలించి లాగేముందు విప్పి చూడండి. ఫేసు (ఎదురు ఫ్లాంజీకి ఆనే ముఖం) మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి వెలుతురుకి ఎదురుగా చూస్తే, మధ్యలో వెలుగు కనిపిస్తే వెల్డింగ్ వేడికి ఫ్లాంజీ వంగిందన్నమాట, పల్చటి ప్లేట్ ఫ్లాంజీల్లో ఇది మామూలే. లేత్ మీద ఫేసింగ్ కొట్టించాలి, ఈసారి వెల్డర్ ఒకే చుట్టులో లాగించకుండా ఎదురెదురు ముక్కలుగా వేయాలి. స్లిప్-ఆన్ (పైపు మీదికి తొడిగే) ఫ్లాంజీకి లోపల, బయట రెండు వైపులా వెల్డు ఉండాలి, చాలామంది లోపలిది ఎగ్గొడతారు. ఫేసు బాగానే ఉంటే పాత గాస్కెట్ (రెండు ఫేసుల మధ్య లీకు ఆపే షీటు) ముక్క అంటుకుందేమో, ఫేసు మీది సన్న గీతల్ని ఎవరైనా గ్రైండర్‌తో నున్నగా చేసేసినారేమో చూడండి, ఆ గీతలే గాస్కెట్‌ని పట్టుకునేవి. ఒకసారి వాడిన గాస్కెట్ మళ్ళీ పెట్టొద్దు. బిగించేది వరసగా కాదు, ఎదురెదురుగా, మొదట మూడో వంతు, తర్వాత ఇంకొంచెం, చివర్లో పూర్తిగా.

సమస్య: బిగిస్తుంటే పంపు ఫ్లాంజీ పగిలింది

పంపు పోతపోసిన ఇనుముది, దాని ఫేసు చదునుగా ఉంది, మీరు పెట్టింది మధ్యలో ఉబ్బెత్తున్న ఆర్ఎఫ్ (రైజ్డ్ ఫేస్) ఫ్లాంజీ. బోల్టుల దగ్గర ఖాళీ ఉండి బిగించే కొద్దీ పోత ఇనుము వంగలేక విరిగింది. ఆ చోట చదును ఫేసు ఫ్లాంజీ తీసుకుని బోల్టు రంధ్రాల దాకా వచ్చే ఫుల్ ఫేస్ గాస్కెట్ వేయాలి.

సమస్య: నీళ్ళలో బాగుంది, స్టీమ్‌కి పెడితే గాస్కెట్ కాలింది

ఆదోని నూనె మిల్లుల్లో ఉన్నట్టు బాయిలర్ లైను అయితే, 10 బార్ స్టీమ్ అంటే 184 డిగ్రీల వేడి, మామూలు రబ్బరు షీటు దానికి నిలబడదు, స్పైరల్ వౌండో (లోహపు పట్టీ చుట్లు చుట్టిన గాస్కెట్) గ్రాఫైటో పెట్టాలి. క్లాస్ 150 అంటే 150 బార్ కాదని కూడా గుర్తుంచుకోండి, ఏ105 అనే ఫోర్జ్‌డ్ (కొట్టి చేసిన) స్టీలుకి చల్లగా ఉన్నప్పుడు 19.6 బార్, 200 డిగ్రీల దగ్గర 13.8 బారే.

ఆర్డర్ ఎట్లా రాయాలి

సికింద్రాబాద్ రాణిగంజ్‌కి ఫోన్ చేసినా, బెంగళూరుకో చెన్నైకో పంపినా ఒక లైను పూర్తిగా రాయండి: "4 ఇంచి, క్లాస్ 150, స్లిప్-ఆన్, ఆర్ఎఫ్, ఏ105, ఏఎస్ఎంఈ బి16.5". వెల్డ్ నెక్ (మెడ ఉండి పైపు కొసకి కొస అతికేది) అయితే షెడ్యూల్ (పైపు గోడ మందం చెప్పే నంబరు) తప్పకుండా కలపాలి, లేకపోతే పైపుకి ఫ్లాంజీకి లోపలి వ్యాసం కలవదు. నీళ్ళ లైనుకి ప్లేట్ ఫ్లాంజీ చాలు, అనవసరంగా ఫోర్జ్‌డ్‌కి డబ్బులు పెట్టొద్దు, స్టీమ్‌కి మాత్రం ఆ పిసినారితనం వద్దు. సరుకు వచ్చినాక ఫ్లాంజీ అంచు మీద కొట్టిన హీట్ నంబరు (ఏ విడత కరిగించిన స్టీలో చెప్పేది) టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉన్నదేనా అని చూడండి, తర్వాత మందం కొలవండి. నాలుగించి క్లాస్ 150 ఆర్ఎఫ్ అయితే ఉబ్బెత్తుతో కలిపి దాదాపు 24 మిల్లీ రావాలి, 16 మిల్లీ వచ్చిందంటే ముద్ర ఏదున్నా సరే, లారీ వాడు ఉండగానే వెనక్కి పంపేయండి.