కర్నూలు జిల్లా కోసిగి వైపు బడిలో చేరబోయే కొత్త టీచర్లకు జాగ్రత్తలు

ముందు బస్సు సంగతి. ఆఖరి బస్సు ఎన్నింటికో ఊరి టీకొట్టులో అడగండి. వీలైతే మండల కేంద్రంలోనే గది తీసుకోండి; కర్నూలు నుంచి రోజూ తిరిగితే నెలకే ఒళ్లు హూనం.

హాజరు పట్టీ చూసి టెన్షన్ పడొద్దు. పత్తి, మిరప కోతలకు ఇక్కడివాళ్లు గుంటూరు వైపు సుగ్గికి (అంటే కూలి పనులకు వలస) పోతారు, పిల్లలూ వెంటే. దసరాకి ముందే ఇంటింటికీ వెళ్లి, అవ్వాతాతల దగ్గర ఎవరుంటారో రాసుకోండి. సీజనల్ హాస్టల్ (పెద్దలు వలస పోయినప్పుడు పిల్లలు ఉండే చోటు) గురించి ఎంఈఓ (మండల విద్యాధికారి) గారిని అప్పుడే అడగాలి. ఆ కుటుంబాలు బండెక్కాక అడిగి లాభం లేదు.

పుస్తకంలో వేరుశనగ, పిల్లల నోట బుడ్డలు. నవ్వకండి. మొదటి రోజు నేను గేదె బొమ్మ చూపిస్తే క్లాసంతా "ఎనుము సార్" అంది. ఇక్కడ గేదెను అలాగే అంటారని తెలియక, తప్పని సరిదిద్దబోయింది నేనే. కొన్ని ఇళ్లలో కన్నడం మాట్లాడతారు, నాలుగు మాటలు నేర్చుకోండి.

నీళ్ల సీసా, టార్చి మరవద్దు.