ఎల్క్ వేట నేర్చుకుందాం – 5వ పాఠం: గుండు తగిలిన తర్వాత

గత నాలుగు పాఠాల్లో లైసెన్సు, రైఫిల్, బట్టలు, జాడలు చదవడం చూశాం. చాలామంది వేట అంటే అక్కడితో అయిపోయిందనుకుంటారు. అమెరికాలోని కొలరాడో కొండల్లో అసలు పని ఎల్క్ (ఇక్కడ తిరిగే ఒక పెద్ద జింక) నేలకొరిగాక మొదలవుతుంది. ఈ పాఠమంతా దాని గురించే: మాంసం చెడకుండా కోయడం, చల్లార్చడం, బండి దాకా మోసుకురావడం. ఈ సిరీస్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన పాఠం ఇదే. గురి నేర్చుకోవడం ఎంత అవసరమో, చంపిన జంతువుని ఒక్క కండ వృథా చేయకుండా ఇంటికి తేవడం అంతే అవసరం.

కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠంలోని రెండు సంగతులు మళ్ళీ చెబుతాను. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. ఈ పాఠాలు అమెరికాలో ఉంటున్నవాళ్ళ కోసం మాత్రమే. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు మామూలుగా తుపాకీ దగ్గర ఉంచుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే ఫెడరల్ చట్టంలో మినహాయింపు ఉంది. గడువు తీరితే ఆ మినహాయింపూ పోతుంది. ఈ విషయంలో స్నేహితుల మాట మీద నడవకండి, లాయర్ని అడగండి.

ముందు లెక్క, తర్వాత ట్రిగ్గర్

ఎల్క్ ఎంత పెద్దదో కాగితం మీద చదివితే అర్థం కాదు. మగది సుమారు 700 పౌండ్లు, ఆడది 500 పౌండ్లు తూగుతుంది. మన నల్లమలలో తిరిగే కణుజు కంటే పెద్ద జంతువు. పెద్ద మగ ఎల్క్‌కి ఎముకలు తీసేసినా 200 పౌండ్ల దాకా మాంసం వస్తుంది. ఎముకతో ఉంచితే ఒక్క వెనక తొడే 60 నుంచి 80 పౌండ్లు ఉంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. మీరు రోడ్డుకి 2 మైళ్ళ దూరంలో ఒంటరిగా ఉన్నారు. 200 పౌండ్లని విడతకి 50 చొప్పున నాలుగు విడతల్లో మోయాలి. బరువుతో బయటికి నాలుగుసార్లు, ఖాళీగా లోపలికి మూడుసార్లు నడవాలి. మొత్తం 14 మైళ్ళు! అదీ 9,000, 10,000 అడుగుల ఎత్తులో, పడిపోయిన చెట్లు దాటుకుంటూ. ఇద్దరుంటే ఒక్కొక్కరికి 6 మైళ్ళు. నలుగురుంటే ఒక్కసారి నడిస్తే చాలు, పని అయిపోతుంది.

అందుకే నేను నేర్పే మొదటి నియమం ఇది: ఎల్క్ ఎంత మంచి గురిలో నిలబడి ఉన్నా సరే, ఆ చోటు నుంచి మాంసం ఎవరు మోస్తారో చెప్పలేకపోతే రైఫిల్ దించేయండి. తోడు లేని రోజు రోడ్డుకి మైలులోపే వేటాడండి. లోతైన లోయలోకి దిగే ముందు బాగా ఆలోచించండి. దిగేటప్పుడు సులువే, వీపు మీద 50 పౌండ్లతో ఎక్కేటప్పుడు తెలుస్తుంది. మ్యూల్ డీర్ (ఎల్క్ కంటే చిన్న జింక) అయితే ఇంత భయం అక్కర్లేదు. ఎముకలు తీసేస్తే ఒక గట్టి మనిషి రెండు విడతల్లో మోసేస్తాడు.

దగ్గరికి వెళ్ళడం, ట్యాగ్

గుండు తగిలిందని తెలిసినా వెంటనే పరిగెత్తకండి. అరగంట కూర్చోండి. నెత్తురు చూడండి. గులాబి రంగులో నురగలా ఉంటే ఊపిరితిత్తులకి తగిలినట్టు, ఎక్కువ దూరం పోదు. ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, ఇంకా ఆగాలి. ఆకుపచ్చ రసం కనిపిస్తే పొట్టకి తగిలింది. గంటల తరబడి వదిలేయాలి, తొందరపడి తరిమితే ఆ గాయంతోనే కొండ దాటిపోతుంది. చేరువయ్యేటప్పుడు వెనక వైపు నుంచి, ఎగువ నుంచి వెళ్ళండి. పొడుగాటి పుల్లతో కన్ను తాకి చూడండి. కన్ను కదలకపోతేనే తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టండి.

కత్తి తీసే ముందు ట్యాగ్ (లైసెన్సుతో వచ్చే, చంపిన జంతువుకి కట్టే చీటీ) మీద సంతకం, తేదీ. కొలరాడోలో ఇది వెంటనే చేయాలి. ఇంకోటి: జంతువు మగదో ఆడదో తెలిపే అవయవం కనీసం ఒక మాంసం ముక్కకి సహజంగా అతుక్కునే ఉండాలి. కోసి వేరే సంచిలో వేసుకుంటే చెల్లదు. వెనక తొడ కోసేటప్పుడు ఇది గుర్తుండాలి. అలాగే నాలుగు కాళ్ళ మాంసం, వీపు కండలు, లోపలి టెండర్లాయిన్లు (వెన్నెముక అడుగున ఉండే కండలు) తప్పనిసరిగా తీసుకెళ్ళాలి. కొమ్ములు పట్టుకుని మాంసం వదిలేసి పోతే కేసవుతుంది. నా దృష్టిలో అది కేసు కంటే పెద్ద తప్పు.

పొట్ట కోయకుండా విప్పే పద్ధతి

పాతకాలం వేటగాళ్ళు ముందు పొట్ట చీల్చి పేగులు తీసేవాళ్ళు. రోడ్డుకి దూరంగా ఉన్నప్పుడు దాని అవసరం లేదు. ఇక్కడ గట్‌లెస్ మెథడ్ అంటారు. పేగులు లోపలే ఉంచి, బయట నుంచి మాంసమంతా తీసుకోవచ్చు. శుభ్రంగా ఉంటుంది, త్వరగా అవుతుంది.

ఎల్క్‌ని ఒక పక్కకి పడుకోబెట్టండి. వాలు మీద ఉంటే కొమ్ముల్ని లేదా కాలుని తాడుతో చెట్టుకి కట్టండి, లేకపోతే పని మధ్యలో జారిపోతుంది. మెడ మొదలు నుంచి తోక దాకా వెన్నెముక వెంబడి తోలు కోయండి. కత్తి పదును పైకి ఉండాలి, తోలు కింద నుంచి బయటికి కోయాలి. పై నుంచి కోస్తే వెంట్రుకలు తెగి మాంసానికంతా అంటుకుంటాయి. తర్వాత తోలుని పొట్ట వైపు ఒలుచుకుంటూ రండి. ఒలిచిన తోలునే కింద పరిస్తే మాంసానికి మట్టి అంటదు.

ముందు జబ్బ తేలిక. అక్కడ ఎముకకి ఎముక కలిసే కీలు లేదు, జబ్బ కండతోనే ఒంటికి అంటుకుని ఉంటుంది. కాలు పైకెత్తి, పక్కటెముకల మీదుగా కోస్తూ పోతే చేతిలోకి వచ్చేస్తుంది. వెనక తొడ దగ్గర ఓపిక కావాలి. తుంటి ఎముకని వేలితో తడుముకుంటూ దాన్ని ఆనుకునే కోయండి. లోపల గుండ్రటి కీలు కనబడుతుంది. దాన్ని పట్టి ఉంచిన నరం తెంపితే కీలు టక్కున విడిపోతుంది. ఇక్కడ బలం పనికిరాదు. కత్తి ఆగిందంటే ఎముక తగిలినట్టు, దిశ మార్చుకోవాలి.

తర్వాత వెన్నెముక పక్కన మెడ నుంచి తుంటి దాకా పొడుగ్గా ఉండే కండ. దీన్నే బ్యాక్‌స్ట్రాప్ అంటారు. ఎముక వెంబడి ఒక కోత, పక్కటెముకల మీద ఇంకో కోత, ఒకే ముక్కగా వస్తుంది. మెడ మాంసం, పక్కటెముకల మధ్య మాంసం వదలకండి. మన ఇళ్ళలో కీమాకి, నిదానంగా ఉడికించే పులుసుకి దీన్ని మించింది లేదు. చివర్లో టెండర్లాయిన్. ఆఖరి పక్కటెముక వెనక జాగ్రత్తగా చిన్న గాటు పెట్టి, పొట్టని ఒక చేత్తో కిందికి నొక్కి, వెన్నెముక అడుగున చెయ్యి పెట్టి వేళ్ళతోనే విడదీయొచ్చు. పొట్టకి కత్తి తగలకూడదు. ఒక పక్క అయ్యాక తిప్పి రెండో పక్క ఇదే పని.

ఎల్క్ పై దవడలో రెండు కోరపళ్ళుంటాయి, ఐవరీలంటారు. వేటగాళ్ళు వాటిని జ్ఞాపకంగా దాచుకుంటారు. తొలి వేట అయితే మర్చిపోకుండా తీసుకోండి.

వేడే శత్రువు

సెప్టెంబర్ విల్లు సీజన్లో పగలు బాగా ఎండ ఉంటుంది. ఎల్క్ తోలు మందం, మెడ జూలు మరీ ఒత్తు. దుప్పటి కప్పినట్టు ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. తొడలో కీలు చుట్టూ ఉన్న మాంసం అన్నిటికంటే ఆలస్యంగా చల్లారుతుంది, చెడిపోవడం కూడా అక్కడే మొదలవుతుంది. అందుకే తోలు తీయడం ఆలస్యం చేయొద్దు. ఎండ ఎక్కువగా ఉంటే తొడలో ఎముక దాకా గాటు పెట్టి తెరిచి ఉంచండి. చలిగా ఉండి దూరం తక్కువైతే ఎముక తీయకుండానే మోయండి. ఎముక మీద ఉన్న కండ బిగుసుకుంటున్నప్పుడు ముడుచుకోదు, వండాక మెత్తగా ఉంటుంది.

తీసిన ప్రతి ముక్కా గేమ్ బ్యాగ్‌లోకి. గాలి ఆడే గుడ్డ సంచి అది. చెత్త వేసే ప్లాస్టిక్ సంచిలో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, లోపలి వేడికే మాంసం పాడవుతుంది. చవకగా దొరికే వల లాంటి గుడ్డ సంచులు ముళ్ళకి చిరుగుతాయి, ఈగలు గుడ్లు పెట్టేస్తాయి. ఉతికి మళ్ళీ వాడుకునే సింథటిక్ సంచులు ఐదారు కొనుక్కోండి, ఏళ్ళ తరబడి వస్తాయి. సంచులు చెట్టు నీడలో, గాలి తగిలేలా వేలాడదీయండి. కళేబరం నుంచి 100 గజాలైనా దూరంగా కట్టండి. ఎలుగులు ముందు పేగుల దగ్గరికి వస్తాయి. కొలరాడోలో నల్ల ఎలుగులే. మోంటానా, వ్యోమింగ్‌లో ఎల్లోస్టోన్ చుట్టుపక్కల గ్రిజ్లీలు (పెద్ద గోధుమరంగు ఎలుగులు) ఉంటాయి. అక్కడ మళ్ళీ మాంసం కోసం వచ్చేటప్పుడు దూరం నుంచే చూసి, గట్టిగా మాట్లాడుతూ, బేర్ స్ప్రే (ఎలుగుని తరిమే మిరప ఘాటు స్ప్రే) చేతిలో పట్టుకుని రావాలి.

సంచిలో ఏముండాలి

రెండు కత్తులు. ఒకటి బ్లేడు మార్చుకునేది, తోలు తీయడానికి. అది ఆపరేషన్ కత్తంత పదును, కీళ్ళ దగ్గర మెలితిప్పితే విరుగుతుంది. కీళ్ళకి ఇంకోటి, గట్టి బ్లేడున్న మామూలు కత్తి. పాత బ్లేడ్లు చిన్న డబ్బాలో వేసుకుని వెనక్కి తెచ్చుకోండి, మాంసంలో ఒక్కటి మిగిలిపోయినా ప్రమాదం. కత్తి పట్టని చేతికి కోతలు ఆపే గ్లోవ్, దాని మీద రబ్బరు గ్లోవ్. నెత్తురు ఆపే పట్టీ ఒకటి చేతికందేచోట ఉండాలి. ఇద్దరు ఒకే జంతువు మీద పని చేస్తుంటే ఒకరు పట్టుకోవాలి, ఒకరే కోయాలి. చీకట్లో, అలసటలో, రెండు కత్తులు ఒకేసారి ఆడితే వేళ్ళు పోతాయి.

హెడ్‌ల్యాంప్, దానికి వేరే బ్యాటరీలు. సన్నటి తాడు. రెండు ట్రెక్కింగ్ పోల్స్, దిగేటప్పుడు మోకాళ్ళని కాపాడేవి అవే. సిగ్నల్ లేని చోట గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ ఉంటే ఇంట్లోవాళ్ళకి టెన్షన్ తగ్గుతుంది, కిందున్న స్నేహితులని పిలవడానికీ పనికొస్తుంది. డబ్బు పెట్టాల్సింది మాత్రం బ్యాక్‌ప్యాక్ మీద. ఫ్రేముకీ సంచికీ మధ్య మాంసం పెట్టే వీలున్నది కొనండి. బరువు వీపుకి ఆనుకుని, భుజాల ఎత్తులో ఉండాలి. కిందికి జారితే నడుము విరుగుతుంది. కొమ్ములు మోస్తుంటే వాటికి నారింజ గుడ్డ చుట్టండి. చెట్ల మధ్య కదిలే కొమ్ముల్ని చూసి ఇంకెవరైనా గురిపెట్టొచ్చు. రైఫిల్ సీజన్లో మీ ఒంటి మీద 500 చదరపు అంగుళాల ఫ్లోరోసెంట్ నారింజ లేదా గులాబి రంగు బట్ట, నెత్తిన అదే రంగు టోపీ తీయకూడదు, మోస్తూ చెమట పట్టినా సరే.

తోడు

ఇక్కడి వేటగాళ్ళలో నాకు బాగా నచ్చేది మోత దగ్గర కనిపించే స్నేహం. పక్క క్యాంపులో పేరు కూడా తెలియని పెద్దాయన, "కిందికి దించాలా?" అని ఖాళీ బ్యాగుతో వచ్చి నిలబడతాడు. మన తుపాకీ ఏదో, ఊరేదో అడగడు. అలా వచ్చినవాళ్ళకి డబ్బు ఇవ్వబోకండి, నొచ్చుకుంటారు. బ్యాక్‌స్ట్రాప్‌లో సగం ఇవ్వండి. మరుసటి రోజు వాళ్ళకి ఎల్క్ పడితే పిలవకముందే వెళ్ళండి.

సీజన్ ముందే మీ బృందంలో కొన్ని మాటలు అనుకోండి. ఎవరికి పడినా అందరూ వేట ఆపి మోయాలి. మాంసం ట్యాగ్ ఎవరిదైనా సమానంగా పంచుకోవాలి. మొదట మాంసం, ఆఖరి విడతలోనే కొమ్ములు. డల్లాస్‌లో మనవాళ్ళు నాలుగైదు కుటుంబాలు కలిసి ఫామ్‌కి వెళ్ళి పొట్టేలు కొని వాటాలు వేసుకుంటారు కదా, ఆ పద్ధతే ఇక్కడా బాగా నడుస్తుంది.

ఇంటికి చేర్చేటప్పుడు

బయల్దేరే ముందే ఇంట్లో నీళ్ళ జగ్గులు గడ్డకట్టించి కూలర్లలో వేసుకోండి. మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందే ఉండాలి, కరిగిన నీళ్ళలో నానకూడదు. కూలర్ అడుగున బిరడా తీసి నీళ్ళు పోనివ్వండి.

క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ గురించి తప్పక తెలుసుకోవాలి. జింక జాతి మెదడుని తినేసే ప్రియాన్ (వికటించిన ప్రోటీన్) వల్ల వచ్చే జబ్బు ఇది. 1967లో కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ పరిశోధన కేంద్రంలో ఉన్న మ్యూల్ డీర్లలో మొదట గమనించారు. ఉడికించినా ప్రియాన్ నశించదు. మనుషులకి సోకినట్టు రుజువు లేదు, అయినా పరీక్షలో పాజిటివ్ వస్తే ఆ మాంసం తినొద్దని ఆరోగ్య శాఖలు చెబుతున్నాయి. తల తీసుకెళ్ళి రాష్ట్ర వన్యప్రాణి శాఖ కేంద్రంలో ఇచ్చి పరీక్ష చేయించండి, ఫలితం వచ్చేదాకా ఆ మాంసం మీద గుర్తు రాసి ఫ్రీజర్లో విడిగా ఉంచండి. వెన్నెముకని రంపంతో కోయకండి. చాలా రాష్ట్రాలు మెదడు, వెన్నెముక తమ సరిహద్దు దాటి రానివ్వవు. టెక్సస్‌కి తిరిగి వెళ్ళేవాళ్ళు ఎముక తీసిన మాంసమే తీసుకెళ్తే ఇబ్బంది ఉండదు.

ఈ పాఠానికి అభ్యాసం

ఒకటి: హలాల్ షాపులో ఎముకతో ఉన్న మేక తొడ కొని, కొట్టించకుండా తెచ్చుకోండి. పదునైన కత్తితో కీలు ఎక్కడుందో వేలితో వెతికి, ఎముకకి మాంసం మిగలకుండా విప్పండి. నాలుగైదు తొడలు చేసేసరికి చేతికి దారి తెలుస్తుంది. ఆ రోజు కూర ఎలాగూ ఉంటుంది.

రెండు: 20 పౌండ్ల సోనా మసూరి సంచులు రెండు బ్యాగులో కట్టుకుని, వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కి దిగండి. మొదటి రెండు వారాలు ఒకటే సంచి. మోకాలు నొప్పి పెడితే ఆపి బరువు తగ్గించండి. అలవాటయ్యాక, ఎక్కడైనా వాలుగా ఉన్న నేల మీద చీకట్లో హెడ్‌ల్యాంప్‌తో నడవండి.

మూడు: మీరు ట్యాగ్ తీసుకోబోయే యూనిట్ (వేటకి కేటాయించిన ప్రాంతం) మ్యాప్ తెరిచి, రోడ్ల నుంచి మైలు, రెండు మైళ్ళ గీతలు గీయండి. ఒక్కో గీత లోపల వేటాడాలంటే ఎంతమంది కావాలో పక్కన రాసి, ఆ స్నేహితులకి ఇప్పుడే ఫోన్ చేసి సెలవు పెట్టించండి. ఆరో పాఠంలో ఆ మ్యాప్ మీదే నీళ్ళు, గడ్డి, పడుకునే నీడ ఎక్కడుంటాయో గుర్తుపట్టడం చూద్దాం, కాబట్టి దాన్ని దగ్గర ఉంచుకోండి.