ఎండగట్టి ఒక్కసారే నింపొద్దు: ద్రాక్ష తోటకు నీటి జాగ్రత్తలు

చేవెళ్ల దగ్గర మా బావమరిది తోటకు మొన్న తెల్లవారుజామున వెళ్లాను. పందిరి కింద అడుగు పెట్టగానే పులిసిన కల్లు వాసన. గుత్తి ఎత్తి చూస్తే కాయలు తొడిమ దగ్గర నుంచి నిలువునా పగిలి ఉన్నాయి. రసం వేళ్లకు అంటుకుంది, అప్పటికే చీమలు పట్టేశాయి. పదిహేను రోజుల్లో కోతకు రావాల్సిన థామ్సన్ సీడ్‌లెస్, గింజలేని ద్రాక్ష రకం. మోటారు కాలిపోయి తొమ్మిది రోజులు తడి లేదు. బాగై రాగానే, తీగ ఎంత దాహంతో ఉందో అని రాత్రంతా డ్రిప్ వదిలేశాడు. మూడో రోజుకు ఇదీ పరిస్థితి.

ఎరువుల గురించీ మందుల గురించీ మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక్కటే చెప్తాను: ఎండగట్టి ఒక్కసారే నింపొద్దు. నీళ్లు లేక పోయిన తోటలకన్నా ఇలా పోయిన తోటలే నేను ఎక్కువ చూశాను. కాయ మెత్తబడి తీపెక్కేకొద్దీ లోపలి చక్కెర నీటిని లాగుతుంది, తొక్క మాత్రం అంతగా సాగదు. రాత్రిపూట ఆకు నుంచి నీరు పెద్దగా ఆవిరి కాదు కాబట్టి ఒత్తిడంతా కాయ మీదే పడుతుంది. పగుళ్లు తెల్లారేసరికి కనబడేది అందుకే.

తీగ దాహం ఏడాదంతా ఒకేలా ఉండదు. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత రెమ్మలు ఎదిగేటప్పుడు బాగా తాగుతుంది. 40 నుంచి 60 రోజుల మధ్య, వచ్చే పంట గుత్తి రెమ్మ కన్నులో, అంటే మొగ్గలో, రూపు కట్టే వేళ, తగ్గించాలి. తోట పచ్చగా కళకళలాడుతోందని అప్పుడు నీళ్లు పెంచితే రెమ్మలు పెరుగుతాయి, గుత్తులు తగ్గుతాయి. వానాకాలంలో కొమ్మ ముదరాలి, అప్పుడూ తక్కువే. అక్టోబరు కత్తిరింపు అయ్యాక మళ్లీ పెంచి, పూతలో కాస్త తగ్గించి, పిందె నిలిచాక మాత్రం కొరత రానివ్వకూడదు. కాయలో ఎన్ని కణాలుండాలో ఆ తొలి వారాల్లోనే దాదాపు తేలిపోతుంది. అప్పుడు ఎండిన కాయ తర్వాత ఎంత పోసినా పూర్తి సైజుకు రాదు. ఆ లోటు పూడ్చాలనే చాలామంది చివర్లో గుమ్మరిస్తారు, ఉన్నదీ పగలగొట్టుకుంటారు.

గంటల లెక్క వదిలేసి లీటర్ల లెక్క వేయండి. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు నీరంటే 1 లీటరు. 3 × 2 మీటర్ల ఎడంలో తీగ వాటా 6 చదరపు మీటర్లు. రోజుకు 8 మిల్లీమీటర్లు ఆవిరయ్యే ఎండలో అందులో 40 శాతం ఇవ్వాలంటే తీగకు 19 లీటర్లు. ఆవిరి 4 మిల్లీమీటర్లకు పడితే అందులో సగం.

నీళ్లు ఆగి మళ్లీ వచ్చాయా, మొదటి రోజు మామూలు వాటాలో మూడో వంతే. అయిదారు రోజులకు పూర్తి వాటాకు రండి. తేలికపాటి ఎర్ర చెల్క నేలకు రోజూ కొంచెం కొంచెం, నల్లరేగడికి రోజుల ఎడం పెట్టి. మధ్యాహ్నం ఆకు వాలిందని వాల్వు తిప్పొద్దు, పొద్దున్నే కూడా వాలి ఉంటేనే అది దాహం. అడుగు లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి, ముద్ద కడితే తడి చాలు. ముదురు తీగకు డ్రిప్పర్లు మొదలు దగ్గరే వదిలేయొద్దు, పీల్చే వేళ్లు దూరం పాకి ఉంటాయి. వాన పడిన రోజు డ్రిప్ కట్టేయండి. కోతకు వారం పది రోజుల ముందు నుంచి తగ్గిస్తూ రండి, టక్కున ఆపొద్దు. బరువు వస్తుందని కోత ముందు రోజు తడి పెట్టొద్దు. పగిలిన కాయలు ఆ రోజే కోసి తోట బయట పూడ్చండి, పందిరి కింద పారేయొద్దు. పక్క బోరు వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి, మోటారు కాలాక కాదు. ఎన్ని రోజులు ఎండినా సరే, ఒక్క రాత్రిలో నింపొద్దు.